500 ఇడియమ్స్ బట్టీ పట్టాలా? కాల్స్‌లో కూర్చోబోయే చెల్లెకు జవాబు

చెల్లె, నువ్వు అడిగింది ఇదీ: తెలుగు మీడియంలో చదివి హన్మకొండలోనే డిగ్రీ చేశావు, ఇప్పుడు మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం, వచ్చే నెల నుంచి అమెరికా, ఇంగ్లండ్ క్లయింట్లతో నేరుగా మాట్లాడాలి, ఎవరో వాట్సాప్‌లో 500 ఇడియమ్స్ (మన జాతీయాల్లాంటివి) పీడీఎఫ్ పంపారు, రోజుకు 20 చొప్పున బట్టీ కొడితే పని అవుతుందా అని. మీ తమ్ముడు ఎస్సెస్సీ సీజీఎల్‌కు (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) చదువుతున్నాడు కదా, వాడికీ అదే పీడీఎఫ్ ఇవ్వొచ్చా అని ఇంకో ప్రశ్న.

నేను నయీంనగర్‌లో చాలా ఏళ్ళుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తున్నా, అంతకుముందు హైదరాబాద్‌లో నైట్ షిఫ్టుల్లో అమెరికా కాల్స్ తీసుకున్నా. సూటిగా చెప్తున్నా, బట్టీ వద్దు. ఆ పీడీఎఫ్‌లో అర్థాలు తప్పుండకపోవచ్చు, కానీ ఏ మాట ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటారో అందులో ఉండదు, ఇడియమ్‌లో అసలు పని అంతా అక్కడే ఉంది. నీకు కావాల్సింది అవతలివాడు అన్నప్పుడు అర్థం కావడం. నువ్వు తిరిగి అనడం అనేది తర్వాత, నిదానంగా వచ్చే పని. వినడానికి వంద తెలిసి ఉండాలి, అనడానికి పది చాలు. మనవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు, చదివిన ప్రతిదాన్నీ ఎక్కడో ఒకచోట వాడేయాలని చూస్తారు.

ఎందుకు తిరగేయకూడదో చెప్పడానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ 'కిక్ ద బకెట్'. ఆ పీడీఎఫ్‌లో దీని ఎదురుగా 'చనిపోవడం' అని రాసి ఉంటుంది, అది నిజమే. 1785లో లండన్‌లో అచ్చయిన వీధి భాష నిఘంటువులో కూడా అదే అర్థం ఉంది. మన తెలుగులోనూ 'బాల్చీ తన్నేశాడు' అని ఉంది కదా, దాదాపు అదే బొమ్మ. ఇప్పుడు ఒక్కసారి ఊహించుకో, మీ ఆఫీసులో ఒకాయన తండ్రి పోయాడు, నువ్వు పలకరించడానికి వెళ్ళి 'అంకుల్ బాల్చీ తన్నేశారట కదా అన్నా' అంటావా? అనవు. ఎవరూ నేర్పకుండానే నీకు తెలుసు, ఆ మాట వెటకారం, చావు ఇంట్లో అనేది కాదు అని. ఇంగ్లిష్‌లో కూడా అచ్చం అంతే, అక్కడ 'పాస్డ్ అవే' అనాలి. కానీ ఇంగ్లిష్‌లో ఆ ఎరుక మనకు పుట్టుకతో రాలేదు, అర్థం ఒక్కటే చదివినవాడికి రెండూ ఒకటే అనిపిస్తాయి, సంతాపం మెయిల్‌లో 'కిక్డ్ ద బకెట్' అని రాసినవాళ్ళు నాకు తెలుసు.

ఇక పాతబడిపోయినవి. మన గైడ్లన్నిటిలో మొదటి పేజీలోనే 'ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' ఉంటుంది. 17వ శతాబ్దం నుంచీ ఉన్న మాట, అర్థం అందరికీ తెలుసు, కానీ ఇప్పుడు మామూలు మాటల్లో దాన్ని అనేవాళ్ళు చాలా తక్కువ, పిల్లల పుస్తకాల్లో, ఇంగ్లిష్ నేర్పే పుస్తకాల్లో బతుకుతోంది. వాన దంచికొడుతుంటే 'ఇట్స్ పోరింగ్' అంటారు, అంతే. దీని పుట్టుక గురించి ఒక కథ కూడా తిరుగుతుంటుంది, పాతకాలం గడ్డి కప్పుల మీద పడుకున్న కుక్కలు, పిల్లులు వానకు జారి కిందపడేవి అని. అది 1999లో ఈమెయిళ్ళలో ఊరేగిన కట్టుకథ. ఇడియమ్ పుట్టుక గురించి మరీ ముచ్చటగా ఉన్న కథ కనిపిస్తే సగం నమ్ము చాలు.

నీ కాల్స్‌కు అన్నిటికంటే పనికొచ్చేది ఏమిటంటే, అమెరికా వాళ్ళ ఆఫీసు భాష సగం బేస్‌బాల్ గ్రౌండ్ నుంచి వచ్చింది, ఇంగ్లండ్ వాళ్ళది క్రికెట్ నుంచి. మనకు క్రికెట్ తెలుసు కాబట్టి రెండోది అలవోకగా వస్తుంది, మొదటిది మన నెత్తి మీద నుంచి పోతుంది. అమెరికా మేనేజర్ 'లెట్స్ టచ్ బేస్ ఆన్ థర్స్‌డే' అంటే గురువారం ఒకసారి చిన్నగా మాట్లాడుకుందాం అని. బేస్‌బాల్‌లో పరిగెత్తేవాడు ప్రతి బేస్‌నూ తాకుతూ పోవాలి, అక్కడి నుంచి వచ్చింది. 'కర్వ్ బాల్' వేశాడంటే ఊహించనిది ముందు పెట్టాడు అని, మన గూగ్లీ అనుకో. 'స్టెప్ అప్ టు ద ప్లేట్' అంటే బాధ్యత తీసుకుని ముందుకు రమ్మని, ప్లేట్ అంటే బ్యాటర్ నిలబడే చోటు, అన్నం తినే పళ్ళెం కాదు. 'అవుట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్' అంటే ఎక్కడి నుంచో ఊడిపడ్డ మాట. 'టేక్ ఎ రెయిన్ చెక్' అయితే మనవాళ్ళు వాన కబుర్లు అనుకుంటారు. వానకు ఆట ఆగిపోతే ఇంకో రోజు అదే టికెట్ ముక్కతో రానిచ్చేవాళ్ళు, ఆ ముక్క పేరు రెయిన్ చెక్, 1880ల నాటి అలవాటు. ఇప్పుడు దాని అర్థం 'ఈసారికి కుదరదు, ఇంకోసారి చూద్దాం'. నువ్వు మీటింగ్ పెడదామా అంటే క్లయింట్ 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?' అన్నాడంటే మర్యాదగా కాదన్నట్టు, అక్కడ నువ్వు 'ఓకే, ఎనీ టైమ్' అని ఊరుకోవాలి, క్యాలెండర్ ఇన్విటేషన్ పంపకూడదు.

వీటిలో ఎక్కువ టెన్షన్ తెచ్చేది 'బాల్‌పార్క్ ఫిగర్'. మా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పనికి ఎంతవుతుందో 'జస్ట్ గివ్ మీ ఎ బాల్‌పార్క్' అని క్లయింట్ అడిగితే, అదేదో ప్రత్యేకమైన రిపోర్టు పేరు అనుకుని, 'షూర్ సర్' అని ఫోన్ పెట్టేసి రెండు రోజులు కూర్చుని రూపాయితో సహా లెక్కగట్టి ఎక్సెల్ షీట్ పంపాడు. క్లయింట్‌కు కావాల్సింది ఆ నిమిషంలో నోటి మాటగా ఒక అంకె, 'సుమారు పదివేల డాలర్లు కావచ్చు సార్' అన్నంత. ఆ రెండు రోజుల్లో ఆయన ఇంకొకరిని అడిగేసుకున్నాడు. పిల్లవాడి ఇంగ్లిష్‌లో తప్పేమీ లేదు, గ్రామర్ నాకంటే బాగా తెలుసు వాడికి.

ఇంగ్లండ్ వాళ్ళతో అయితే 'ఆన్ ద బ్యాక్ ఫుట్' అంటే వెనక్కి తగ్గాల్సి వచ్చింది, 'స్టిక్కీ వికెట్' అంటే ఇరకాటం (పిచ్‌ల మీద కవర్లు కప్పని రోజుల్లో వాన పడి ఎండ వచ్చాక బంతి ఇష్టమొచ్చినట్టు తిరిగేది, దాని మీద బ్యాటింగ్ అంటే నరకం). ఒక్కచోట మాత్రం మనకు తెలిసిన క్రికెటే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. 'ద న్యూస్ నాక్డ్ హర్ ఫర్ సిక్స్' అంటే మనకు సిక్స్ కదా, సంబరం అనుకుంటాం. కాదు. ఆ వార్తకు ఆమె కుదేలైపోయింది అని అర్థం. అక్కడ ఆ మనిషి బ్యాటర్ కాదు, బౌండరీ అవతల పడ్డ బంతి. ఇదే మాట అమెరికా వాడితో అంటే వాడికి సిక్స్ ఏమిటో కూడా తెలియకపోవచ్చు.

రెండు దేశాల వాళ్ళూ ఒకే కాల్‌లో ఉంటే 'టేబుల్' అనే మాట వినపడగానే చెవులు రిక్కించు. ఇంగ్లండ్‌లో ఒక విషయాన్ని టేబుల్ చేయడం అంటే ఇప్పుడు చర్చకు పెట్టడం, అమెరికాలో అదే మాటకు అర్థం ఇప్పటికి పక్కన పెట్టడం. పూర్తిగా తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఈ ఒక్క మాట మీదే చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ స్వయంగా రాశాడు. ఇరుపక్షాలదీ ఒకే కోరిక, ఆ సంగతి తేలడానికే అంతసేపు పట్టింది. నువ్వు మాత్రం 'డిస్కస్ నౌ', 'డిస్కస్ లేటర్' అని విడమరిచి అను, గొడవ ఉండదు.

ఆటలతో సంబంధం లేని ఆఫీసు మాటలు కొన్ని. 'లెట్స్ టేక్ దిస్ ఆఫ్‌లైన్' అంటే నెట్ కట్టేయమని కాదు, ఈ సంగతి అందరి ముందు వద్దు, మీటింగ్ అయ్యాక మనిద్దరం మాట్లాడుకుందాం అని. 'హెడ్స్ అప్' అంటే ముందుగా చెవిన వేయడం. 'ఐ డోంట్ హావ్ ద బ్యాండ్‌విడ్త్' అంటే నాకు తీరిక లేదు. 'షూట్' అన్నారంటే అడుగు, చెప్పు అని. 'నో బ్రెయినర్' దగ్గర మా క్లాసుల్లో చాలామంది మొహం మాడ్చుకుంటారు, బుర్ర లేదన్నాడని. తిట్టు కాదది, అంతగా ఆలోచించాల్సిన పనే లేదు, తేలిగ్గా తేల్చేయొచ్చు అని. దీనికి భిన్నంగా 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' వినడానికి ఎంత గౌరవంగా ఉన్నా, దాని వెనకాలే 'నువ్వు చెప్పేది తప్పు' వస్తుంది. సిద్ధంగా ఉండు.

తెలుగు మీడియం అని బాధపడ్డావు కదా, ఇడియమ్స్ దగ్గర అది నీకు బలమే. 'అవుట్ ఆఫ్ ద ఫ్రయింగ్ ప్యాన్ ఇన్‌టు ద ఫైర్' అంటే మన పెనం మీంచి పొయ్యిలో పడటమే. రెండు పిట్టలు, అందని ద్రాక్ష, మొసలి కన్నీరు, ఇవన్నీ అటూ ఇటూ ఒకటే. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం, 1801లో కోపెన్‌హేగెన్ దగ్గర యుద్ధంలో ఇంగ్లండ్ నౌకాదళాధికారి నెల్సన్ వెనక్కి రమ్మన్న జెండా సైగను కనపడని కంటికి దుర్భిణి పెట్టుకుని చూసి, నాకేమీ కనిపించలేదన్నాడనే కథతో ముడిపడ్డ మాట. 'బీట్ అరౌండ్ ద బుష్' అంటే మన డొంకతిరుగుడు, పొదల చుట్టూ తిరగడం వాళ్ళకూ మనకూ ఒకేలా తట్టింది. మా అమ్మమ్మ అయితే 'సల్లకొచ్చి ముంత దాసినట్టు' అనేది, అడగాల్సింది అడగకుండా నానుస్తుంటే. ఇలాంటివి కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, ఇంగ్లిష్ బట్ట కట్టుకున్న మన మాటలే.

చిక్కు ఎక్కడంటే బొమ్మ ఒకటే అయి అర్థం వేరయ్యే చోట. 'ఐ యామ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్' అని మీ క్లయింట్ అంటే సరదాకు ఆట పట్టిస్తున్నా అని. మనదగ్గర కాళ్ళు పట్టి గుంజడం అంటే ఎదిగేవాణ్ణి ఓర్వలేక కిందికి లాగడం కదా, అందుకే కొత్తగా చేరినవాళ్ళు మనసు కష్టపెట్టుకుంటారు. అలాగే మనం ఒక పని తమవల్ల కాదని తప్పుకున్నవాళ్ళను 'చేతులెత్తేశారు' అంటాం. దాన్ని ఉన్నదున్నట్టు 'ద టెస్టింగ్ టీమ్ రెయిజ్డ్ దెయిర్ హ్యాండ్స్' అని చెప్తే, వాళ్ళకు వినపడేది టెస్టింగ్ టీమ్ ఏదో అడగాలనుకుంటోంది, లేదా ఆ పని మేం చేస్తాం అని ముందుకొచ్చింది అని. అనుకున్నదానికి సరిగ్గా ఎదురు! అక్కడ 'గేవ్ అప్' అను, ఇడియమే కావాలంటే 'త్రూ ఇన్ ద టవల్', బాక్సింగ్‌లో తమవాడు ఇక కొట్లాడలేడని మూలన ఉన్నవాళ్ళు రింగులోకి టవల్ విసరడం. 'నెత్తి తినకు', 'కడుపు మండుతోంది' లాంటివి కూడా ఇంగ్లిష్‌లోకి మోసుకుపోకు. రెండోది వింటే వాళ్ళు నీకు గ్యాస్ మాత్ర పేరు చెప్తారు.

మనం ఇంగ్లిష్ అనుకుని వాడే కొన్ని మాటలు మన దగ్గరే ఇంగ్లిష్. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అంటే అమెరికాలో 2022లో స్పృహ తప్పి పడిపోయానని, 'గ్రాడ్యుయేటెడ్' అను. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే నీ మాట మీద నాకు నమ్మకం లేదన్నట్టు ఉంటుంది, 'క్వశ్చన్' అను. 'డూ ద నీడ్‌ఫుల్' ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చెల్లిన మాటే, ఇప్పుడు అక్కడ పాత రికార్డుల వాసన వస్తుంది. 'అవుట్ ఆఫ్ స్టేషన్' అంటే రైల్వే స్టేషన్ బయట ఉన్నావేమో అనుకుంటారు. మొదటి కాల్‌కు ముందు ఈ నాలుగూ మార్చుకో, 500 చదవడం కంటే దీనితో ఎక్కువ లాభం.

ఇంకొకటి, ఇడియమ్‌లో మాట మార్చడానికి వీల్లేదు. 'చెవిలో పువ్వు పెట్టాడు' అంటే మోసం చేశాడని, 'చెవిలో బంతిపువ్వు పెట్టాడు' అంటే బతుకమ్మ పేరుస్తూ మధ్యలో నిజంగానే పెట్టాడేమో అనుకుంటాం. 'పీస్ ఆఫ్ కేక్' (చాలా తేలికైన పని) ఎప్పుడూ అలాగే ఉండాలి, 'పీసెస్ ఆఫ్ కేక్స్' అయిందంటే బేకరీకి వెళ్ళినట్టే. కొన్ని కాస్త వంగుతాయి, 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అంటే రహస్యం బయటపడిందనే వినిపిస్తుంది, కానీ 'ద బకెట్ వాజ్ కిక్డ్' అంటే ఎవరో బకెట్‌ను తన్నారంతే. ఏది వంగుతుంది, ఏది వంగదు అని సూత్రం వెతుక్కోకు, విన్నది విన్నట్టు వాడు.

నిజానికి నువ్వు ముందు పట్టాల్సింది ఇడియమ్స్ కూడా కాదు, రెండు మూడు మాటల క్రియలు. 'కాల్ ఆఫ్' అంటే రద్దు, 'పుట్ ఆఫ్' అంటే వాయిదా, ఈ రెండూ కలిపేస్తే మీటింగ్ ఉందో లేదో తెలియక ఆగమైతావ్. 'లుక్ ఇన్‌టు' (సంగతేంటో చూడటం), 'ఫిగర్ అవుట్' (ఆలోచించి తేల్చుకోవడం), 'ఫాలో అప్' (తర్వాత మళ్ళీ కనుక్కోవడం), 'బ్రింగ్ అప్' (మాట ఎత్తడం), 'రన్ ఇట్ బై సమ్‌వన్' (అంటే ఒకసారి వాళ్ళ చెవిన వేసి అభిప్రాయం కనుక్కోవడం), ఇవి ఒక్క కాల్‌లోనే ఎన్నోసార్లు వస్తాయి. 'బైట్ ద బులెట్' (ఇష్టం లేకున్నా పళ్ళ బిగువున కానిచ్చేయడం) లాంటి ఇడియమ్ నెలకోసారి వస్తే గొప్ప.

మీ తమ్ముడి సంగతి వేరు. వాడికి ఆ పీడీఎఫ్ ఇచ్చేయ్, నిజంగా పనికొస్తుంది. పరీక్షలో ఎవరితో అనాలి, ఎప్పుడు అనాలి అని అడగరు, నాలుగు ఆప్షన్లలో అర్థం ఏదో గుర్తుపట్టమంటారు, అందులో కాలం చెల్లినవీ వస్తాయి, గ్రీకు పురాణాలవీ వస్తాయి. వాటిని మాత్రం కథతో పట్టుకోమను, ఉత్త అర్థం నిలవదు. 'అకిలీస్ హీల్' అంటే ఎంత బలవంతుడికైనా ఉన్న ఒక్క బలహీన చోటు, దుర్యోధనుడి తొడ గుర్తుంటే చాలు, అకిలీస్ అనే గ్రీకు వీరుడికి అది మడమ. 'హాబ్సన్స్ చాయిస్' అంటే ఎంపిక ఉన్నట్టే ఉండి లేకపోవడం. కేంబ్రిడ్జిలో గుర్రాలు అద్దెకిచ్చే హాబ్సన్ అనే ఆయన, 17వ శతాబ్దం మొదట్లో, గుమ్మానికి దగ్గరగా ఉన్న గుర్రమే తీసుకో, లేదంటే పో అనేవాడట. 'క్రాసింగ్ ద రూబికాన్' అంటే ఇక వెనక్కి రాలేని అడుగు, క్రీ.పూ. 49లో సీజర్ సైన్యంతో ఆ నది దాటగానే రోమ్‌లో అంతర్యుద్ధం మొదలైంది. 'పిరిక్ విక్టరీ' అంటే గెలిచి కూడా నాశనమవడం, క్రీ.పూ. 279లో పిరస్ అనే రాజు రోమన్ల మీద గెలిచాడు కానీ తన సైన్యంలో చాలామందిని పోగొట్టుకున్నాడు. ఇలా ఒక్కో కథనూ లైబ్రరీలో పక్కన కూర్చున్నవాడికి చెప్పమను, చెప్పింది మర్చిపోరు.

నీకైతే ఒక చిన్న నోట్‌బుక్ చాలు. కాల్‌లో ఏదైనా అర్థం కాని మాట వింటే ఆ వాక్యం మొత్తం, ఎవరు ఎవరితో అన్నారు, నవ్వుతూ అన్నారా సీరియస్‌గా అన్నారా, ఇవి తెలుగులోనే గీకేసుకో. స్పెల్లింగ్ తెలియకపోయినా పర్లేదు, వినపడ్డట్టు రాయి. తర్వాత కేంబ్రిడ్జి డిక్షనరీ వెబ్‌సైట్లో వెతుకు, అర్థం కంటే ముందు పక్కనున్న ముద్ర చూడు: ఇన్‌ఫార్మల్ అనో, ఓల్డ్ ఫ్యాషన్డ్ అనో, మెయిన్లీ యూకే అనో రాసి ఉంటుంది. పాతబడింది అని ఉంటే అర్థం తెలుసుకుని వదిలెయ్. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో 'ద ఇంగ్లిష్ వి స్పీక్' అని కార్యక్రమం ఉంది, ఒక్కో ఎపిసోడ్ కొన్ని నిమిషాలే, ఒక్కటే మాట తీసుకుని మాటల్లో పెట్టి వినిపిస్తారు, కాజీపేట నుంచి మడికొండ పోయే ఆటోలో వినేయొచ్చు. నువ్వు ఒక మాటను రెండు మూడు వేర్వేరు మనుషుల నోట విన్నాకే నీ నోట్లోకి తీసుకో.

కాల్ నడుస్తుండగా అర్థం కాకపోతే 'యా, యా' అని తలూపకు, బాల్‌పార్క్ అబ్బాయికి జరిగింది అదే. 'సారీ, ఐ యామ్ నాట్ ఫెమిలియర్ విత్ దట్ ఫ్రేజ్, కుడ్ యు సే ఇట్ అనదర్ వే?' అను. దీనికి ఎవరూ చిన్నచూపు చూడరు, చాలామంది నవ్వి ఇంకో రకంగా చెప్తారు, కొందరు అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకొస్తారు. అడగడానికి మరీ మొహమాటమైతే నీకు అర్థమైంది తిరిగి చెప్పు: 'సో యు వాంట్ ఎ రఫ్ నంబర్ టుడే, రైట్?' అని. తప్పైతే వాళ్ళే సరిచేస్తారు. ఈ రెండు వాక్యాలూ అద్దం ముందు కాదు, ఫోన్‌లో ఒక ఫ్రెండ్‌తో అని చూసుకో, మొదటిసారి నోరు తడబడుతుంది. నోట్‌బుక్‌లో అర్థం తేలనివి మిగిలితే రాయి, ఒక్కొక్కటి చూద్దాం.